అనసూయ గారి పురికొస

పెట్టె మూత తీయగానే ఆవకాయ వాసన గుప్పుమంది. బండి వెనక, తోక మీద బిగించే అల్యూమినియం పెట్టె అది. సబ్బుతో కడిగాను, చింతపండుతో తోమాను, నిమ్మచెక్కలు పెట్టి రాత్రంతా మూసి ఉంచాను. అయినా కాస్త ఎండ తగిలితే చాలు, అతుకుల్లో ఎక్కడో ఇంకిన వెల్లుల్లీ ఆవపిండీ నువ్వులనూనే కలిసి పైకి లేస్తాయి. నందిగామలో మా ఇంటి ముందు బండి నిలబెట్టి రేపటి ప్రయాణానికి సామాను సర్దుతున్నాను. హిమాచల్‌లోని స్పితి లోయకు పోవాలి. ఇద్దరం పోవాలనుకున్న ప్రయాణమిది. ఇప్పుడు ఒక్కదాన్నే పోవాలి. ఆ మాట మింగుడుపడకే ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చాను. రేపు కూడా పోకపోతే ఇక ఎప్పటికీ పోనని నాకు తెలుసు.

ఆ రెండో మనిషి అనసూయ గారు. జగ్గయ్యపేటలో లారీల ఆఫీసు ఆవిడది. సిమెంటు, మిర్చి, పత్తి, ఏ లోడైనా ఆవిడ లారీలు మోసేవి. నేను ఆ ఆఫీసులో బుకింగులు చూసేదాన్ని. గంజి పెట్టిన నేతచీర, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, ఫోనులో మాట్లాడితే పక్క వీధికి వినపడే గొంతు. ఆవిడకు కోపం వస్తే డ్రైవర్లు లారీ కింద ఏదో పనున్నట్టు దూరిపోయేవాళ్ళు. అలాంటి మనిషి, జుట్టు సగం నెరిశాక, కొండలూ గుట్టలూ ఎక్కే పెద్ద మోటార్‌సైకిల్ ఒకటి కొని, ఆదివారం పూట జాకెట్టూ బూట్లూ వేసుకుని హైవే ఎక్కింది. పేటంతా ముక్కున వేలేసుకుంది. నాకూ వింతగానే అనిపించి, ఎందుకండీ ఈ వయసులో అని ఓ రోజు అడిగేశాను.

"నా లారీలు కాశ్మీరు చూసినయ్, అస్సాం చూసినయ్. నేనేం చూసానే? ఈ కుర్చీ. లారీ చూసిన దేశం ఓనరు చూడకూడదా ఏం?" అంది. అని, హెల్మెట్ ఒకటి నా ఒళ్ళో పడేసి, "ఎక్కు, గరికపాడు దాకా పోయి టీ తాగొద్దాం" అంది.

ఆ టీ నా బతుకును తిప్పేసింది. ఏడాది తిరక్కుండా అలాంటి బండే, పాతది, నేనూ కొన్నాను. ఆ పూట నుంచే అనసూయ గారూ నేనూ హిమాలయాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని, ముందు చిల్లకల్లు దాకా పోయి రావే" అని మా అమ్మ వెక్కిరించేది. అమ్మ అన్నదాంట్లో నిజముంది. నేను పొట్టిదాన్ని, బండి పొడుగుది. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు తప్ప నేలకు ఏమీ అందేది కాదు. సిగ్నలు దగ్గర ఆగాలంటే గుండె దడ. వెనక షాకబ్జర్ స్ప్రింగును బిగించడానికీ వదులు చేయడానికీ సీటు పక్కన గుండ్రటి నాబ్ ఒకటుంటుంది. దాన్ని పూర్తిగా వదులు చేస్తే బండి కిందికి దిగుతుందని ఎవరో చెప్పారు. దిగింది. పాదాలు నేల మీద ఆనాయి. ఏదో గెలిచినంత సంబరపడ్డాను.

ఆ సంబరంతోనే అనసూయ గారితో మొదటి దూర ప్రయాణానికి బయలుదేరాను. బీదర్ కోట చూసి రావాలని అనుకున్నాం. బయటి తిండి పిల్లకు పడదని అమ్మ ఆవకాయ, గోంగూర, పండుమిర్చి తలా ఒక పెద్ద ప్లాస్టిక్ జాడీలో కూరి ఇచ్చింది. ఊరు దాటితే పచ్చడి లేకుండా మా కృష్ణాజిల్లా వాళ్ళకు ముద్ద దిగదు కదా, నేనూ వద్దనలేదు. ఒలికిపోకుండా నిటారుగా ఉంటాయని మూడు జాడీలనూ ఆ తోక పెట్టెలోనే, నా బట్టల మధ్య పెట్టాను. చిల్లకల్లు దాటి వేగం పెంచగానే హ్యాండిల్ చేతుల్లో వణకడం మొదలైంది. ముందు చక్రం రోడ్డును తాకీ తాకనట్టు తేలుతోంది. లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా బండి నా మాట వినకుండా ఊగేది. గరికపాడు చెక్‌పోస్టు ముందు స్పీడుబ్రేకరు మీద వెనక చక్రం ధడేల్మని లోపలికి కొట్టుకుంది. నా వెన్నులో పిడుగు పడ్డట్టయింది.

అక్కడి దాబా ముందు ఆగాం. అనసూయ గారు వెనకనుంచి అంతా చూస్తూనే వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "కుక్క కూర్చున్నట్టు కూర్చుందే నీ బండి. హెడ్‌లైటు ఆకాశంలో చుక్కలకేసి చూస్తోంది. ఏం పెట్టావ్ వెనక?" అంది. పెట్టె తెరిచాం. ఆవకాయ జాడీ మూత ఊడి, నా బట్టలన్నీ ఎర్రగా నూనెలో మునిగి ఉన్నాయి.

దాబా ఆయన వచ్చి, "ఏమైంది మేడమ్, బండి ఖరాబైందా?" అన్నాడు.

"బండి బానే ఉందయ్యా, లోడు కట్టినోళ్ళే ఖరాబు" అంది ఆవిడ. సామానంతా మంచం మీద గుమ్మరించమంది. నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఆవిడ జాలిపడే రకం కాదు. ఎదురుగా ఆగి ఉన్న సిమెంటు లారీని చూపించి, "అదంతా బరువేగా. మరి దానికి ముందు చక్రాలు లేస్తున్నయ్యా? లోడంతా తోకన కడితే అదీ లేస్తది. బరువుకి మనం చెప్పాల్సింది ఒకటే, కిందుండు, బండి నడుముకి దగ్గరుండు. తేలిక సరుకు ఎక్కడున్నా పర్లేదు" అంది. తర్వాత నాబ్ మీద చెయ్యి వేసి నా ముఖంలోకి చూసింది. "ఇది ఇంత వదులుగా ఎవరు పెట్టారు?"

"నేనేనండి. కాళ్ళు అందటం లేదని..."

"కాళ్ళందాలని బండిని కుంగదీసావన్నమాట. అమ్మాయ్, బండి ఆగేది కాసేపు, పోయేది రోజంతా. ఆ కాసేపటి భయానికి రోజంతా నడుం విరగ్గొట్టుకుంటావా?"

బీదర్ ప్రయాణం అక్కడితో ఆగిపోయింది. పేటకు తిరిగొచ్చేశాం. ఇక నా బతుకింతే, స్కూటీయే గతి అనుకున్నాను. అనసూయ గారు అలా అనుకోలేదు. మర్నాటి నుంచి ఆఫీసు అయ్యాక లారీల యార్డులో నాకు పాఠం. సీటు మీద ఒక పక్కకు జరిగి, ఒక్క కాలు మాత్రమే గట్టిగా ఆనించి ఆగడం నేర్పించింది. ఎన్నిసార్లు పడ్డానో లెక్కలేదు. డ్రైవర్లు లేపడానికి పరిగెత్తుకొస్తే, "ఎవడూ ముట్టుకోవద్దు" అని అరిచేది. బండికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, కాళ్ళ బలంతో నేనే లేపాలి. ఒళ్ళంతా కమిలిపోయిన ఓ సాయంత్రం, నా వల్ల కాదండీ అని దుమ్ములో కూలబడ్డాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వచ్చి నా పక్కనే ఆ దుమ్ములోనే కూర్చుంది. "పడ్డ బండిని లేపటం నీకొచ్చేసింది. ఇంక పడటానికి భయమెందుకే నీకు?" అంది. లేచి మళ్ళీ బండి ఎక్కాను.

స్ప్రింగు కొలత కూడా అక్కడే నేర్పింది. మిర్చి బస్తాలు కుట్టే పురికొస ముక్క ఒకటి తీసుకుంది. వెనక చక్రం ఇరుసు దగ్గర ఒక కొస పట్టుకుని, సీటు కింద బోల్టు దాకా నిలువుగా లాగేది. చక్రం గాలిలో వేలాడేలా బండిని ఎత్తినప్పుడు ఎంత పొడవో అక్కడ ఒక ముడి. మనిషీ సామానూ ఎక్కాక బండి ఎంత కుంగితే సరిగ్గా ఉంటుందో అక్కడ, కాస్త కిందుగా, రెండో ముడి. ఇంకా ఎక్కువ కుంగితే గుంతల్లో కొట్టుకుంటుంది, అంతకన్నా తక్కువ కుంగితే ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. "ఎవరెక్కినా, ఏం పెట్టినా, బోల్టు వచ్చి ఈ ముడి దగ్గరే నిలబడాలి. బరువు మారిద్ది, ముడి మారదు. తిప్పాల్సింది నాబ్ ఒక్కటే" అంటూ ఆ పురికొసను నా మణికట్టుకు చుట్టింది.

ఆ తర్వాత బీదర్ చూశాం, హంపి చూశాం. స్పితికి పోదామని రోడ్లన్నీ అడిగి తెలుసుకుంటున్న రోజుల్లో ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. బండి నడపడం మానేయాల్సిందేనని డాక్టరు చెప్పాడు. వారం రోజులు ఆఫీసులో ఎవరి మీదా అరవలేదు. నాకు భయమేసింది. తర్వాత ఓ మధ్యాహ్నం నా బల్ల ముందుకొచ్చి నిలబడి, "నడపొద్దన్నాడు గానీ కూర్చోవద్దన్లేదుగా. ఈసారి లోడు నేనే. ఎక్కించుకుంటావా?" అంది.

ఇద్దరు మనుషులు, చలిబట్టలు, పనిముట్లు. కొండ దారిలో అంత బరువు మోయడం ఆషామాషీ కాదు. మిర్చి బస్తాలు తూచే కాటా మీద ప్రతి వస్తువునూ పెట్టి చూసింది. చివరికి తనూ ఎక్కి నిలబడి, "ఒరే, అంకె పైకి చదివావంటే నీ ఉద్యోగం ఊడుద్ది" అని కాటా మనిషిని బెదిరించింది. యార్డంతా నవ్వు. తన వాటా సామానులోంచి చీరలు తీసేసింది, పూజ సామాను తీసేసింది, ఆఖరికి హార్లిక్స్ డబ్బా కూడా తీసేసింది. మా అమ్మ మాత్రం పచ్చడి జాడీలతో నందిగామ నుంచి బస్సెక్కి మరీ దిగింది.

"అక్కడ చలండీ, పిల్ల ఏం తింటది? అయినా దేవుడు చూసుకుంటాడు, ఈ కాస్త బరువుకి ఏం కాదు" అంది అమ్మ.

"దేవుడు నీ కూతుర్ని చూసుకుంటాడమ్మా, షాకబ్జర్ని మనమే చూసుకోవాలి" అంది అనసూయ గారు. అమ్మకు కోపం రాబోయి నవ్వొచ్చింది. ఇద్దరూ వాదులాడుకుని, చిన్న సీసాడు ఆవకాయ దగ్గర రాజీపడ్డారు. బండి పక్కన కిందుగా బిగించిన పెట్టెలో అడుగున, బండి నడుముకు దగ్గరగా దానికి చోటిచ్చాం.

సామానంతా కట్టి, ఆవిడను వెనక కూర్చోబెట్టుకుని, బోల్టు ముడి దగ్గరికొచ్చేదాకా నాబ్ బిగించి, గరికపాడు దాకా పోయొచ్చాం. అదే స్పీడుబ్రేకరు. మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. ఆవిడ నా భుజం మీద ఒక్క చరుపు చరిచి, "సరిపోయిందే! ఇంక ఆ నాబ్ ముట్టుకోకు. స్పితిలోనే దిగుదాం" అంది.

బయలుదేరాల్సిన వారంలోనే, ఓ ఉదయం, ఆఫీసు కుర్చీలో ఫోను చేతిలో ఉండగానే ఆవిడ గుండె ఆగిపోయింది. అవతలి డ్రైవరు మేడమ్ మేడమ్ అంటూనే ఉన్నాడు. నేను ఎదురు బల్ల దగ్గరే ఉన్నాను. ఆ తర్వాత చాలాకాలం నాకు ఆవిడ మీద కోపమే వచ్చింది, ఇంత ఆశపెట్టి ఇలా చేస్తారా అని. కోపం పోయాక ఏడ్చాను.

నాబ్‌ను మాత్రం తిప్పలేదు. ఇద్దరి బరువుకు బిగించిన స్ప్రింగుతోనే ఇన్నాళ్ళూ నందిగామకూ పేటకూ ఒక్కదాన్నే తిరిగాను. చిన్న రాయి తగిలినా బండి ఎగిరెగిరి పడేది. నడుము నొప్పికి అమ్మ కాపడం పెట్టేది. ఆవిడ ముట్టుకోవద్దన్నదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, అది తిప్పితే ఆవిడ బండి దిగిపోయినట్టేనని నా భయం.

ఇప్పుడు అమ్మ చిన్న ఆవకాయ సీసా పట్టుకుని బయటికొచ్చింది. చెప్పకుండానే పక్క పెట్టె అడుగున పెట్టింది. నేను ఎక్కి కూర్చుని, పురికొస ఒక కొస ఇరుసు దగ్గర పట్టుకోమని, రెండో కొస బోల్టు దాకా లాగి, రెండో ముడి ఎక్కడుందో చూడమన్నాను. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ముడికి చాలా పైనుందే బోల్టు. ఇంకా ఆవిడ బరువుకే ఉంచావా?"

నేను హ్యాండిల్ మీది దుమ్ము తుడిచాను.

"లేని బరువుకి నడుం విరగ్గొట్టుకుంటున్నావని తెలిస్తే, ఆవిడ ఊరుకునేదా?" అంది అమ్మ.

ఊరుకునేది కాదు. పక్క వీధికి వినపడేలా తిట్టేది. సీటు పక్కకు చెయ్యి పోనిచ్చి నాబ్ తిప్పాను. బిగుసుకుపోయి ఉంది, మొదట కదల్లేదు. గట్టిగా పట్టి తిప్పితే టక్కుమంది. తర్వాత ఇంకోటి. ఒక్కో టక్కుకూ బండి నా కింద కొంచెం కొంచెం దిగుతోంది. కళ్ళనీళ్ళు జారుతున్నా చెయ్యి ఆపలేదు.

"ఆగు, ఆగు. వచ్చేసింది. సరిగ్గా ముడి దగ్గర" అంది అమ్మ.

ఆవిడ వేసిన ముడే అది. పురికొసను మణికట్టుకు చుట్టుకున్నాను. సీటు మీద ఒక పక్కకు జరిగి, ఒక్క కాలు నేలకు ఆనించాను. గట్టిగానే ఆనింది.

"తెల్లారగట్లే లేపమ్మా, ఎండెక్కకముందే గరికపాడు దాటాలి" అన్నాను.