బళ్లె ఏసిన బీరప్ప

నకిరేకల్ ఇంకా రెండు మైళ్లుందనగా గొర్రెల మంద ఒకటి రోడ్డంతా పరుచుకుని లింగస్వామి పంతులు సైకిలును ఆపేసింది. మంద వెనక గొంగడి కప్పుకుని వస్తున్న మనిషిని చూడగానే పంతులుకు ప్రాణం లేచొచ్చింది. మూడు రోజులుగా బీరప్ప ఇంటి చుట్టూ తిరిగితే అవ్వ, మనవరాలు తప్ప ఎవరూ దొరకలేదు. ఆ మనిషి ఇక్కడ దొరికాడు.

"శనార్తి పంతులూ! మా సైదమ్మ మంచిగ సదువుతున్నదా?"

"మంచిగనే. ఎన్నో తరగతో ఎరుకేనా?"

బీరప్ప కాసేపు మబ్బుల్లోకి చూశాడు. "రెండనుకుంట."

"అయిదు అయిపోయింది."

ఈ మనిషి మందలో నూటపాతిక గొర్రెలు. ఏది దేని పిల్లో, దాని తల్లి ఏ ఏడు ఈనిందో చెవి గాటు చూడకుండానే చెబుతాడు. ఉన్న ఒక్క కూతురి తరగతి మాత్రం గుర్తుండదు. అయినా సంతలో, జాతరలో, కల్లు దుకాణంలో ఎవరు కనబడినా ఆయన మొదటి మాట ఒకటే: "నేను ఆడపిల్లను బళ్లె ఏసిన." ఏసిన! ఆయన విద్యాశాస్త్రమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఎరువు కోసం రైతు చెలకలో మంద పెట్టినట్టే. లోపలికి తోలి తడిక మూస్తే చాలు, జరగాల్సింది దానంతటదే జరిగిపోతుంది, కాపరి కాళ్లు చాపుకోవచ్చు. పురాణాల్లో రాజులు కొడుకుల్ని గురువుకు అప్పగించి వేటకు పోయేవాళ్లు. బీరప్పకు రాజ్యం రాలేదు గాని ఆ రాజసం నిండుగా వచ్చింది. అయిదేళ్లలో బడి గడప తొక్కింది ఒక్కసారి, అదీ తప్పిపోయిన పొట్టేలును వెతుక్కుంటూ.

పంతులు సంచిలోంచి కాగితం తీశాడు. "నకిరేకల్ల ఆరో తరగతిల చేర్పియ్యాలె. ఇయ్యాలే ఆఖరు. తండ్రి ఏలిముద్ర లేకుంటే తీసుకోరు. పిల్ల సదువు ఈడికే ఆగిపోతది."

"మల్ల చేర్పిచ్చుడేంది? ఒకపారి ఏసిన గదా!"

"గది చిన్నబడి. గిది పెద్దబడి."

"ఒక్క పిల్లను ఎన్నిపార్లు ఏస్తరు పంతులూ? జనం నవ్వరా? మొదట ఏసింది సరిగ పడలేదనుకోరా?"

చదువు వద్దనే తండ్రికి ఏం చెప్పాలో లింగస్వామికి తెలుసు. అంతా తన చేతి మీదుగా అయిపోయిందనుకునే తండ్రికి ఏం చెప్పాలో పంతుళ్ల ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు.

వెనకనుంచి బీరప్ప భార్య బక్కమ్మ వచ్చింది, చంకలో పొద్దున పుట్టిన గొర్రెపిల్లతో. అంతా విన్నట్టే ఉంది. గొర్రెపిల్లను మొగుడి చేతుల్లో పడేసి బొటనవేలు చాపింది.

"గిదాన్ని కొట్టు పంతులూ."

"తండ్రిది గావాలె బక్కమ్మా."

"పేరు ఆయనదే రాసుకో. ఏలుకు మీసాలుంటయా, గుర్తు పట్టేటందుకు?"

తప్పని తెలిసే లింగస్వామి కలం మూత విప్పి ఆమె వేలికి సిరా పూశాడు. ముద్ర నల్లగా, కాస్త అలికినట్టు పడింది.

"ఏమయ్యా, ఈపారి ఏసింది నేను. నవ్వెటోళ్లు ఇగ నన్ను జూసి నవ్వుతరు తియ్యి," అంది బక్కమ్మ మొగుడితో.

బీరప్ప ఆ ముద్రను చూశాడు. పంతులు మొహం మాత్రం చూడలేదు. పక్కనున్న గొర్రెను "హేయ్" అని అదిలించి, గొర్రెపిల్లను చంకన పెట్టుకుని మంద ముందుకు నడిచిపోయాడు.