దానమ్మ చదివిన పద్దెనిమిది పేర్లు

1987వ సంవత్సరం. వై.ఎన్.హొసకోట బస్టాండు ఎదురుగా నాకొక మైక్‌సెట్ అంగడి ఉండేది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నా నోటి దురుసు తెలుసు గనక అయ్యవార్లు కూడా పెద్దగా బాధపడలేదు. అంగట్లో ఒక ఆంప్లిఫయర్, అంటే మాటను పెద్దది చేసే పెట్టె, రెండు హార్న్‌లు, గదిలో పెట్టుకునే ఒక స్పీకర్ బాక్సు, ఒక కారు బ్యాటరీ. పెళ్లికైనా, తిరునాళ్లకైనా, ఓట్లకైనా అదే సామాను. ఆ ఏడు వానల్లేక చెనిక్కాయ, అదే వేరుశనగ పంట, భూమిలోనే మాడిపోయింది. పెళ్లిళ్లు వాయిదా పడినాయి. నా హార్న్‌లో పిచ్చుక గూడు కట్టింది. "ఈ ఊళ్లో నా హార్న్ వాడుకునేది నువ్వొక్కదానివే" అని పొద్దున్నే దాన్ని పలకరించేవాణ్ణి.

ఒక శుక్రవారం దానమ్మ వచ్చింది. సైకిల్లో గంట దారి ఉండే చిన్న పల్లె ఆమెది. అరవై దాటిన మనిషి, నడిచే వచ్చింది. ఆ పల్లెలో ప్రార్థన మందిరాన్ని ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆమే.

"ఆదివారం మైకు కావాలప్పా. పెద్దయ్యగారు మందిరం చూసేకి వస్తాండాడు."

"చూసేకి మైకెందుకు పెద్దమ్మా? కండ్లద్దాలు చాలవా?"

ఆమె నవ్వలేదు. పద్దెనిమిది ఇండ్ల సంఘం వాళ్లది. కరువుకు ఆమె తప్ప అందరూ బెంగుళూరు దిక్కు పనులకు పోయినారు. పెద్దయ్యగారంటే చుట్టుపక్కల మందిరాలన్నిటికీ పైఆయన. లోపల జనం కనపడకపోతే మందిరం మూసేసి, గంటను జనమున్న ఊరికి ఇచ్చేస్తారంట.

"మైకు కూస్తే జనం వస్తారు కదప్పా?"

"వస్తారు పెద్దమ్మా. ఆ భారం నాది."

ఎట్ల తెస్తానో ఆమెకు చెప్పలేదు. శనివారం ఆ పల్లె పక్కనుండే గొర్రెలోళ్ల ఇండ్లకు పోయినాను. "రేపు మందిరంలో ఒక గంటసేపు కూర్చోండప్పా. నేను చెయ్యెత్తితే ఆమెన్ అనండి. తర్వాత బోండా, టీ నేనిప్పిస్తా."

"చెయ్యి దించితే ఏమనల్ల?" అన్నాడు తిమ్మప్ప. వాళ్లలో కాస్త పెద్ద తలకాయ.

"నోరు మూసుకోవల్ల."

ఆదివారం పొద్దున హార్న్ బయట కట్టి, బాక్సు లోపల పెట్టి, మైకు ఆన్ చేసినాను. కుయ్యిమని ఒకటే కూత. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటాము. బాక్సులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోనే దూరితే అట్ల అరుస్తాది. ఖాళీ గదిలో మరీ ఎక్కువ. మనుషులు కూర్చుంటే వాళ్ల ఒళ్లూ బట్టలూ ఆ శబ్దాన్ని మింగేస్తాయి.

జీపు వచ్చింది. దానమ్మ మూడుసార్లు గంట కొట్టింది. పెద్దయ్యగారు లోపల కూర్చున్నాడు. అప్పుడు వచ్చినారు నా జనం, ఇరవైరెండు మంది. శుభ్రంగా రమ్మంటే, తలలు తడిగా, నుదుట విబూది పెట్టుకొని వచ్చినారు. తిమ్మప్ప వాకిట్లో చెప్పులిడిచి, గంట తాడు అందుకొని ఠంగుమని ఒకటి కొట్టి, కండ్లకద్దుకొని లోపలికొచ్చినాడు, గుడికి పోయినట్లే. వాని వెనక ఇంకొకడు, ఠంగు. ఇంకొకామె, ఠంగు. ఆపండని నేను చెయ్యెత్తినాను. లోపలున్నోళ్లంతా "ఆమెన్" అన్నారు.

పెద్దయ్యగారు తిమ్మప్పను అడిగినాడు. "ఎప్పటినుంచి వస్తున్నావు నాయనా?"

"ఇప్పుడే సామీ. చెప్పులిడిసి నేరుగా లోపలికే."

ఆయన దానమ్మ దిక్కు తిరిగినాడు. "నిజం చెప్పమ్మా. ఎంతమంది ఉన్నారు?"

ఆమె నన్నొకసారి చూసింది. నేను వైర్లు సర్దుతూ తల దించుకున్నాను.

"నేనొక్కదాన్నే అయ్యా. వీళ్లొస్తారని నాకు తెలీదు."

"ఒక్కదానివీ ప్రతి వారం ఏం చేస్తావు?"

"గంట కొడతాను. పేర్లు చదువుతాను."

అది వాళ్ల వాడుక. ప్రార్థనకు ముందు ఇంటింటి పేరూ చదివితే, ఆ ఇంటోళ్లు "ఉండాము" అని పలకల్ల. పలికేవాళ్లు పోయినా ఈమె చదవడం మానలేదు.

"ఈరోజూ చదువు" అన్నాడాయన.

ఆమె మైకు ముందు పేర్ల పుస్తకం తెరిచింది. "ఏసన్న ఇంటోళ్లు" అని చదివి, అలవాటుగా ఆగింది.

వెనకనుంచి తిమ్మప్ప గొంతు. "యలహంక కాడ గారపనికి ఉండారమ్మా. బిడ్డకు జ్వరమొచ్చి తగ్గినాది."

నేను చెయ్యెత్తలేదు. వాడే పలికినాడు.

"మార్తమ్మ ఇంటోళ్లు."

"ఇటికల బట్టీలో ఉండారు. వాళ్ల కుక్క మా దొడ్లోనే ఉండాది."

పక్కపక్క ఇండ్లోళ్లు కదా, అందరి సంగతులూ వాళ్లకు తెలుసు. సామ్యేలు ఇంటి దగ్గర మాత్రం "తెలీదమ్మా" అన్నారు. ఆమె ఆ పేరు మీద వేలుంచి, ముందుకు పోయింది. మైకు ఒక్కసారీ కుయ్యలేదు. పద్దెనిమిదోది ఆమె పేరే.

"దానమ్మ."

ఆగింది. ఎదురుగానే ఉండాది గనక ఎవరూ పలకలేదు.

"ఉండాను" అంది తనే. బయట హార్న్‌లోంచి ఆ మాట బీడు చేన్ల మీదికి పోయింది.

"ఒక్కరి కోసం మందిరం నడపలేమమ్మా" అన్నాడు పెద్దయ్యగారు. తాళంచెవి ఆమెకే ఇచ్చి, గంటను జీపులో వేయించినాడు. పైకెత్తింది తిమ్మప్పే.

అందరూ పోయినాక మైకు మళ్లీ కుయ్యిమంది. గబగబా ఆపేసినాను.

"పెద్దమ్మా, నావల్లే చెడింది."

"వాళ్లు రాకున్నా నేను అదే చెప్పిందును. నన్నొక మాట అడిగింటే బాగుండుననుకున్నా, అంతే." సామాను కట్టేకి నాకు వైరు చుట్టి ఇచ్చింది. "బిడ్డకు జ్వరం తగ్గిందన్నాడు కదా?"

"ఔను పెద్దమ్మా."

"బిడ్డకు జ్వరమొచ్చిందే నాకు తెలీకపాయె."

నెల తర్వాత ఇంకో ఆదివారం, సైకిలుకు హార్న్ కట్టుకొని ఆ పల్లె మీదుగా పోతాండాను. మందిరం తలుపు తెరిచుంది. లోపల ఆమె గొంతు, మైకు లేకుండా. "సామ్యేలు ఇంటోళ్లు" అని ఆగింది. ఆ జవాబు నాకు తెలుసు. సామ్యేలు తమ్ముడు ముందురోజే బస్టాండులో కనపడి, అన్న హోసూరులో ఉండాడని చెప్పినాడు. అయినా సైకిలు ఆపలేదు. పనికి ఆలస్యమైతాదని ఒక సాకు. ముఖం చెల్లలేదన్నది నిజం. ఎప్పుడూ ఊరకుండని ఈ నోరు ఆరోజు ఊరకుండింది. మలుపు తిరిగేదాకా ఆమె తర్వాతి పేరు చదవలేదు.

పది రోజులకు చెప్పొద్దామని పోతే మందిరానికి తాళం ఉండాది. తాళంచెవి తిమ్మప్ప దగ్గర. "దానమ్మ వాళ్లక్క ఊరికి పోయినాది" అన్నాడు.

"ఏ ఊరు?"

తిమ్మప్ప తల గోక్కున్నాడు. "అడగలేదప్పా."

అప్పటినుంచి, అంగడి ముందు ఎవరు నిలబడి పిలిచినా చేతిలో పని పక్కనపెట్టి ముందు పలుకుతాను. ఆ సంగతి నాకు నేర్పింది అదొకటే. పల్లెలో పదిహేడు ఇండ్ల జాడ ఎవర్నడిగినా చెప్తారు. పద్దెనిమిదో పేరు చదివితే మాత్రం, ఈ రోజుకూ మా దగ్గర జవాబు లేదు.