కాముడికి ఇచ్చిన కట్టె

నా చిన్నప్పుడు మాకు తెలిసిన ప్రేమదేవుడు ఒక్కడే, కాముడు. ఏటా ఫాల్గుణ పున్నమికి అతణ్ణి నడి ఊళ్లో కట్టెల కుప్ప మీద కాల్చేవాళ్లం. మర్నాడు హోలీ. మొన్న ఫిబ్రవరిలో కామారెడ్డి దుకాణాల ముందు ఎర్ర గుండె బొమ్మలు వేలాడుతుంటే, ఈ ప్రేమికుల పండుగ ఎక్కడ పుట్టిందని మా మనవరాలు అడిగింది. అది నాకు తెలియదన్నాను. నాకు తెలిసిన పండుగ గురించి చెప్పాను.

మాది లింగంపేట దగ్గరి పల్లె. పున్నమి దగ్గర పడగానే పిల్లలు కోలలు కొట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగి జాజిరి పాటలు పాడి, కాముడి కోసం కట్టెలు అడిగేవారు. ఇవ్వని ఇంట్లో దొరికింది ఎత్తుకుపోయేవారు. నిచ్చెన, విరిగిన నాగలి, ఒక్కోసారి ఎండలో వేసిన మంచం. దానికో కట్టుబాటు ఉండేది. కుప్ప మీదికి చేరిన కట్టెను వెనక్కి అడగకూడదు. అది ఎవరిదో వాళ్లు నవ్వాలి. కోపం తెచ్చుకున్నవాణ్ణి ఊరు ఏడాదంతా ఆడిపోసుకునేది.

కోటలాంటి మా దొరల ఇల్లు, గడీ, అప్పటికే సగం కూలింది. భూములు పోయాయి, జీతగాళ్లు పోయారు. మా తాత వెన్ను మాత్రం వంగలేదు. నా వెన్నూ ఆయన పోలికే. దానికి నేనెన్నడూ సిగ్గుపడలేదు.

పున్నమి సాయంత్రం పిల్లలను కట్టెల కుప్ప పక్కనే, గడీ ముందు కూర్చోబెట్టి కాముడి కథ ఆయనే చెప్పేవాడు. తపస్సులో ఉన్న శివుడి మీదికి కాముడు చిలకనెక్కి వచ్చి, చెరకు విల్లు వంచి పూలబాణం వేశాడు. శివుడు మూడో కన్ను తెరిచాడు. బూడిద మిగిలింది. కాముడి భార్య రతి వచ్చి ఏడిస్తే, బతుకుతాడు గానీ ఒళ్లు ఉండదన్నాడు దేవుడు. ఆ బూడిదనే మర్నాడు ఊరంతా నుదుట పెట్టుకునేది.

మా చిన్న మేనత్త ముగ్గు వేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ఆమె వేసే చిలకలు మెడ వెనక్కి తిప్పి చూస్తుంటాయి. అట్లా వేసేవాళ్లు ఊళ్లో మరొకరు లేరు. ఆ ఏడు బస్సు ఆగే చోట, వడ్రంగం చేసే వడ్లాయన కొడుకు తన చేతులతో చేసుకున్న చెక్క డబ్బాలో చాయ్ దుకాణం పెట్టాడు. దాని తలుపు మీద రెండు చిలకల బొమ్మలు, మెడలు వెనక్కి తిప్పుకుని.

ఊరు గుసగుసలాడక ముందే ఆ తండ్రీకొడుకులు ధైర్యం చేసి గడీకి వచ్చి పిల్లనడిగారు. మా తాత కోప్పడలేదు. అరుగు కింద నిలబెట్టి, చాయ్ ఇప్పించాడు. "పున్నం కానియ్యుండ్రి, చెప్త" అన్నాడు. తలుపు వెనక మా అత్త ముఖం వెలగడం నేను చూశాను.

పున్నమి సాయంత్రం కథ ముగించి ఆయన పిల్లల వైపు వంగాడు. "కాముని చిలకలు బస్సు కాడున్నయి. పట్టుకరాపోండ్రి."

పిల్లల వెనకున్న పడుచువాళ్లకు ముందుగా అర్థమై, గొల్లున నవ్వారు. మోకులు కట్టి డబ్బాను ఈడ్చుకొచ్చారు. గ్లాసులు, స్టవ్వు భద్రంగా తీసి పక్కన పెట్టారు. అంత మర్యాద పాటించారు. మా తాత నా భుజం మీద చెయ్యేశాడు. "నేర్సుకో. నవ్వుకుంట చేస్తె ఎవడు అడగడు."

ఎల్లారెడ్డి నుంచి చక్కెర, చాయ్‌పత్తి తెచ్చుకుని బస్సు దిగిన వడ్లాయన కొడుకు, కుప్ప మీద తన డబ్బాను చూశాడు. ఇంకా నిప్పు పెట్టలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

"ఏం పిల్లగా, కోపమొచ్చిందా?" అన్నాడు మా తాత.

"లేదు దొరా. పండుగ గదా" అని నవ్వాడు. చేతిలో పొట్లం నలిగి చక్కెర అతని పాదాల మీద కారుతోంది. "నవ్విండురా! గట్టోడే!" అని జనం కోలలు కొట్టారు. పిల్లనడిగినదానికి జవాబు అదేనని అతనికి, పక్కనే ఉన్న వడ్లాయనకు తెలిసిపోయింది.

అప్పుడు మా అత్త గడప దాటి వచ్చింది. "ఊరందరి కట్టె తెచ్చిండ్రు, మా ఇంటిది మరిచిండ్రేంది పిల్లలూ? రాండ్రి" అని లోపలి గది గొళ్లెం తీసింది.

ఆ గదిలో మా ఇంటి పెళ్లిపల్లకి, మేనా ఉండేది. మా ముత్తవ్వ కోడలిగా అందులోనే వచ్చింది. మా ఆడపిల్లలంతా అందులోనే అత్తారింటికి వెళ్లారు. పొలాలు అమ్ముకున్నప్పుడు కూడా మా తాత దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. అది ఆయన ఆజ్ఞే అనుకున్నారు పిల్లలు. ఇత్తడి పువ్వులు మెరుస్తుండగా మోసుకొచ్చి డబ్బా పైకి ఎక్కించారు.

తాత లేచి నిలబడ్డాడు. కోలల చప్పుడు ఆగిపోయింది.

"నీ పెండ్లికెట్లనే?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాకెందుకు బాపూ? ఎక్కేదుంటె గద."

వడ్లాయన చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు. "నవ్వుండ్రి దొరా. పండుగ గదా."

మా తాత నవ్వాడు. పళ్లన్నీ కనిపించేలా, అందరూ చూసేలా నవ్వాడు. ఆయన గోళ్లు మాత్రం నా భుజంలో దిగాయి. మొదటి నిప్పు గడీ పెద్దే పెట్టాలి. ఆయనే పెట్టాడు.

వడ్లాయన కొడుకు హోలీ రంగులు చల్లకముందే కామారెడ్డి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి దుబాయి పోయాడన్నారు. ఒక్క కబురూ రాలేదు. మా అత్తకు పెళ్లి కాలేదు. తాత పోయేదాకా రెండు పూటలా ఆయనకు అన్నం ఆమే వడ్డించింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోగా నేను వినలేదు. ఆమె ముగ్గులో మళ్లీ చిలక కనిపించలేదు.

ఈ కథ విన్న కొన్నాళ్లకే మా మనవరాలు ఒక అబ్బాయిని, అతని తండ్రిని మా ఇంటికి పిలిచింది. వాళ్ల కులం నాకు నచ్చలేదు, అబ్బాయి కూర్చున్న తీరూ నచ్చలేదు. ఆ మాట వాళ్ల ముఖం మీదే అన్నాను. నా మనవరాలికి నచ్చాడు గనుక పెళ్లి పెట్టుకుందామని కూడా ఆ కూర్చున్న చోటే అన్నాను. వాళ్ల చేతుల్లో చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది. మా తాత కూడా ఆనాడు వాళ్లకు చాయ్ ఇచ్చాడు. చాయ్ తాగించి, జవాబు పున్నమి దాకా దాచుకున్నాడు.