గుట్ట మీది కేక

చీకటికి కాపలా కాయడానికి అడవికి పోతున్నానని చెబితే, పెనుబల్లిలో మా అమ్మ "దొంగలా ఏంది మీరు?" అంది. నిజానికి ఆ వారమంతా మేం చేసింది కాపలానే. దుమ్ముగూడెం దాటాక ఒక గుట్ట మీద మా కాలేజీ వాళ్లు కట్టించిన రేకుల గది ఉంది. కప్పు పక్కకు జరిపితే లోపలున్న టెలిస్కోప్‌కు ఆకాశం కనిపిస్తుంది. నేనూ, మా పెద్ద సారూ, నన్ను అక్కా అని పిలిచే, నేను తమ్ముడూ అనే కల్లూరు కంప్యూటర్ లెక్చరరూ సామాన్లతో ఎక్కాం. పగలు నిద్ర, సాయంత్రం పప్పుచారు, రాత్రంతా ఆకాశం.

గుట్ట మీద ఒకటే చట్టం. తెల్ల లైట్ వెలగకూడదు. ఒక్కసారి వెలుగు పడితే కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పడుతుంది, కెమెరాలో పడితే బొమ్మే పాడవుతుంది. అందుకని టార్చీలకు ఎర్ర కాగితం చుట్టుకునేవాళ్లం. ఆ వెలుతురులో ఎదుటి మనిషికి కళ్లుండాల్సిన చోట గుంటలే కనిపిస్తాయి. రెండు రాత్రులు గడిచేసరికి ముఖాలు మర్చిపోయి, గొంతులతోనే మనుషుల్ని పోల్చుకోవడం అలవాటైంది. ఎవరైనా పొరపాటున ఫోన్ తెరిస్తే సార్ గుట్ట అదిరేలా "లైట్ ఆపు!" అని అరిచేవారు. దూరాన భద్రాచలం వెలుగు ఆకాశం అంచున కనిపిస్తే, "రాములోరి ఊరు కాబట్టి ఊకుంటున్న," అని పళ్లు కొరికేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

నాకు మాత్రం ఆ చీకటంటే భయమేసేది. పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని, ఆ మాట పైకి అనాలంటే నామోషీ. ఇప్పపువ్వు రాలే కాలం అది. వాలులోంచి తీపీ పులుపూ కలిసిన వాసన గాలితో పాటు పైకొచ్చి ముక్కులో కూర్చునేది. మమ్మల్ని దించిన జీపు డ్రైవర్ పోతూ పోతూ, "పువ్వు కోసం గుడ్డెలుగులు తిరుగుతయ్ మేడం. లైటేసుకొని, మాట్లాడుకుంట నడవండ్రి. అలికిడైతే అదే తప్పుకుంటది," అన్నాడు. ఎలుగుబంటిని తప్పించే ఆ లైటే మాకు కుదరనిది.

చివరి రోజు తెల్లవారుజామున ఒక గ్రహశకలం ఒక నక్షత్రానికి అడ్డొచ్చి, కొద్ది క్షణాలు దాన్ని కనబడకుండా చేయాలి. సార్ వచ్చే వేసవికి రిటైరవుతున్నారు. ఇలాంటిది మళ్లీ తన కంటపడదని ఆయన బెంగ. పెద్ద టెలిస్కోప్ దగ్గర వాళ్లిద్దరూ ఉన్నారు. చిన్న టెలిస్కోప్‌ను నాకిచ్చి, కింద వాలు మీదున్న బండ దగ్గర కూర్చోబెట్టారు. తోడు ఒక వాకీటాకీ.

నక్షత్రం కంటికి చిక్కి, సర్దుకుని కూర్చున్నాను. అప్పుడే కింద చెట్ల మధ్య తెల్లటి వెలుగొకటి కదిలింది. ఎవరో తనలో తానే గట్టిగా మాట్లాడుకుంటున్నట్టు కూడా వినబడింది. తమ్ముడు నీళ్ల డబ్బా కోసం దిగాడేమో, ఇక వీడి పని అయిపోయినట్టే అనుకున్నాను. అనుకున్నట్టే పైనుంచి కేక పడింది.

"లైట్ ఆపు!"

వెలుగు టక్కున ఆరిపోయింది. మాటలు కూడా ఆగిపోయాయి.

వాకీటాకీ నొక్కి, "కిందికెందుకు పోయినవ్ తమ్ముడూ?" అన్నాను.

"నేనా? సార్ పక్కన్నే ఉన్న గద అక్కా. లైటేసింది నువ్వే అనుకున్నం," అన్నాడు.

గుట్ట మీద మేం ముగ్గురమే. ముగ్గురిలో ఎవరూ కాని ఒకరు మా మాట విన్నారు. విని, మారు మాట్లాడకుండా చీకట్లో కలిసిపోయారు.

చెవులు రిక్కించి విన్నాను. ఎండుటాకులు నలిగాయి. తర్వాత నేలను ముక్కుతో పీలుస్తున్నట్టు బుస్సుబుస్సుమని ఒక చప్పుడు. మనిషి చేసేది కాదది. కాసేపు ఆగింది, మళ్లీ ఇంకొంచెం అవతల వినిపించింది. నా వైపు రావడం లేదు. ఇందాక వెలుగు ఆరిపోయిన వైపే పోతోంది. ఆ చీకట్లో ఒక మనిషి, మేం ఆపమన్నందుకు, లైటూ మాటా రెండూ ఆపేసి నిలబడి ఉన్నారు.

"రెడీ, వచ్చేస్తుంది," అన్నారు వాకీటాకీలో సార్.

టార్చి మీది ఎర్ర కాగితం చింపి, కిందికి వెలుగు కొట్టాను.

ఇప్పచెట్టు కింద ఒక ఆడమనిషి. చంకలో బుట్ట, గుండెలకు అదుముకున్న ఆరిన టార్చి. ఆమెకు నాలుగైదు బారల దూరంలో గుడ్డెలుగు, తల పైకెత్తి ఉంది. వాళ్లు ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. దాని కళ్లు మెరుస్తున్నాయి, ఆమెవి మెరవడం లేదు.

"లైట్ ఆపు!" మళ్లీ పైనుంచి.

"ఆపను!" అని అరిచాను. అంతటితో ఊరుకోలేదు. నోటికొచ్చిన తిట్లన్నీ లంకించుకున్నాను, సగం ఎలుగును, సగం సార్‌ను. అది ఒళ్లు విదిల్చుకుని, తొందరేమీ లేనట్టు వాలు దిగి వెళ్లిపోయింది. నక్షత్రం ఎప్పుడు పోయిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో నేను చూడనే లేదు.

బండ దిగి ఆమె దగ్గరికి పోయాను. ఆమెది కింద గూడెమట. రాలిన పువ్వు పశువులు తొక్కకముందే ఏరుకుందామని తోటివాళ్లకన్నా ముందొచ్చిందట.

"లైట్ ఎందుకు ఆపినవమ్మా? అది పక్కనే ఉండె గద!" అన్నాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"పైనుంచి ఆపుమన్నరు గద," అంది. "గట్ల అరిసేటోళ్లు సర్కారోళ్లే అయితరు. ఇనకుంటే పువ్వు గుంజుకుంటరని ఆపిన."

"మరి అది రాంగ కూడా ఏసుకోకపోతివి?"

"ఏసుకోమనలే గద."

ఇంతలో సార్, తమ్ముడు రొప్పుతూ దిగొచ్చారు. సార్ నన్ను దులిపేయడానికే వచ్చారని ఆ నడకలోనే తెలిసింది. "ఏమైంది? ఎందుకేసినవ్ లైట్?" అన్నారు.

ఆ గొంతు వినగానే ఆమె బుట్టను వెనక్కి దాచుకుంది. జరిగింది చెప్పాను. సార్ ఆమెను చూశారు, ఆమె చేతిలోని టార్చిని చూశారు. కింద వాలంతా ఇంకా చీకటిగానే ఉంది. ఆమె ఇంటికి వెళ్లాల్సింది అటే.

కాసేపు మా మొహాలు మార్చి మార్చి చూసి, ఆమె టార్చిని కొంచెం ముందుకు చాపింది.

"ఇగ ఏసుకోనా సారూ?"