దారికడ్డంగా మా బావ

మా బావ డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. నడిపేవాడు అనడం కంటే అరిచేవాడు అంటే సరిగ్గా ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గరే కాక తన కాళ్ళ దగ్గర కూడా బ్రేకు, క్లచ్ బిగించుకున్న పాత కారు ఒకటి ఉండేది. ఆ కారు వీధి మలుపు తిరగకముందే అరుపులు వినిపించేవి. బ్యాంకులో పనిచేసే ఒకావిడ రివర్సు తీయడం చేతకాక స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చిందట. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అభినయం చేసి మరీ చూపించేవాడు. చుట్టాలు నవ్వేవారు. వాళ్ళూ ఆ తానులో ముక్కలే.

పోలీసాయన చెయ్యెత్తితే మాత్రం ఒళ్ళంతా వినయమే. అడగకముందే కాగితాలు తీసి, వంగి, "సార్, సార్" అంటూ నిలబడేవాడు. పులితనమంతా ఇంట్లోనే, అదీ మా అక్క ముందే. ఆవిడ ఏదైనా చెప్పబోతే ఎడమచెయ్యి పైకెత్తేవాడు, బండి ఆపమన్నట్టు. అక్క ఆగిపోయేది. పెళ్ళయిన కొత్తలో వాక్యం మధ్యలో ఆగేది. తర్వాత తర్వాత వాక్యం మొదలుపెట్టడమే మానేసింది.

చూపు మందగించి స్కూలు ఇంకొకరికి అప్పగించాక బావకు షుగరు వచ్చింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. చింత చచ్చినా పులుపు చావదు కదా, నడవడానికి ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయనకు అరవడానికి మనుషులు కావాలి. ఊరి చివర అడవిలో జనం సేదతీరడానికి బాటలు వేశారని ఎవరో చెప్పారు. నడిచేవాళ్ళకీ, సైకిళ్ళవాళ్ళకీ, గుర్రాల మీద వచ్చేవాళ్ళకీ అవే బాటలు. తగువు పెట్టుకోవడానికి అంతకంటే అనువైన చోటు దొరుకుతుందా?

గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంది. సైకిలు నడిచే మనిషికి దారివ్వాలి, ఆ ఇద్దరూ గుర్రానికి దారివ్వాలి అని బొమ్మలు గీసి మరీ రాశారు. మా బావ బోర్డు సగం చదివాడు. తనకు పనికొచ్చే సగం.

సెలవు రోజుల్లో నేనూ అక్కాబావలతో వెళ్ళేవాణ్ణి. అడవి చక్కగా ఉండేది. ఎండుటాకుల మీద అడుగు పడితే మెత్తగా చప్పుడయ్యేది. ఎత్తయిన కొమ్మల్లో ఏదో పిట్ట ఒకే మాట పదే పదే అంటుండేది. అక్క దాని కోసం తలెత్తి చూస్తే, "నడకకొచ్చావా, పిట్టల పెళ్ళికొచ్చావా" అనేవాడు బావ. తను బాటకు సరిగ్గా నడిమధ్యన, మోచేతులు రెండూ బయటికి పెట్టి నడిచేవాడు. వెనక నీళ్ళ సీసా, తువ్వాలు, గొడుగు మోసుకుంటూ అక్క. వెనక నుంచి సైకిలు గంట మోగితే చెవుడు వచ్చినట్టు నటించేవాడు. గంట మూడోసారి మోగాక నెమ్మదిగా వెనక్కి తిరిగి, "బోర్డు చదవడం రాదా? దిగి నడిపించు" అనేవాడు. పాపం, వాళ్ళు దిగేవారు. క్షమించమని కూడా అనేవారు. అప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాలి. జీవితంలో ఇంకేమీ సాధించనివాడికే అలాంటి వెలుగు వస్తుంది.

ఒక ఉదయం అలా దిగినవాడు బేకరీలో రొట్టెలు కాల్చే మనిషి. దుంగల్లాంటి చేతులు, వాటి నిండా పాత వాతలు. కోప్పడలేదు. "సరేనండి" అని దిగి, మమ్మల్ని దాటేదాకా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాడు.

"చూశావా? ఒంటికి తగ్గ బుద్ధి ఉండదు వీళ్ళకి" అన్నాడు బావ నాతో.

ఇంకొంత దూరం వెళ్ళాక బాట ఇరుకవుతుంది. ఒక పక్క మెరక, ఒక పక్క ఎండిన వాగు. ఎదురుగా గుర్రం మీద ఒకామె వస్తోంది. గుర్రపుశాలలో స్వారీ నేర్పే మనిషి. కింద ఉన్నది పడుచు గుర్రం, చెవులు ఒకచోట నిలవడం లేదు. ఆమె దూరం నుంచే ఆగి పిలిచింది.

"పెద్దాయనా, కాస్త మెరక వైపు జరగండి. దీనికి ఈ దారి కొత్త."

అక్కా నేనూ వెంటనే పక్కకు తప్పుకున్నాం. కంగారులో అక్క వాగు వైపు జరిగింది. బావ కదల్లేదు.

"నడిచేవాడికే అందరూ దారివ్వాలి" అన్నాడు.

"సైకిళ్ళకండీ ఆ మాట. గుర్రానికి మనమే ఇవ్వాలి. బోర్డు మీద ఉంది."

"నాకు చెప్పకు రూల్సు. సగం ఊరికి నేర్పినవాణ్ణి నేను. జంతువు కోసం మనిషి తప్పుకోవాలా?"

"ఏమండీ, ఇటు రండి" అంది అక్క.

ఎడమచెయ్యి పైకి లేచింది. అది సరిపోదనిపించిందేమో, కుడిచేత్తో అక్క దగ్గరున్న గొడుగు లాక్కుని గుర్రం మొహం మీదికి ఫట్టున తెరిచాడు.

గుర్రం ముందుకాళ్ళు లేపి గిర్రున తిరిగింది. ఆమె ఎలాగో దాని మెడను పట్టుకుని నిలదొక్కుకుంది. దాని వెనకభాగం తన మీదికి రావడం చూసి అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. అక్కడ నేల లేదు. రాళ్ళలోకి జారిపోయింది.

నేను దిగేసరికి పాదం పక్కకు తిరిగి ఉంది. మొహం పాలిపోయింది. పైనుంచి మా బావ అన్న మొదటి మాట ఇది:

"చూసుకుని నిలబడొద్దూ?"

రెండో మాట ఆ స్వారీ ఆమెతో. మూడోదీ ఆమెతోనే. నేను అక్కను ఒక్కణ్ణే పైకి తేలేక అవస్థ పడుతుంటే ఆయన గట్టు మీద నిలబడి రూల్సు చెబుతూనే ఉన్నాడు. ఆ కేకలు విని బేకరీ మనిషి వెనక్కి వచ్చాడు. ఒక్క ముక్క మాట్లాడకుండా సైకిలు పడేసి వాగులోకి దిగి, అక్కను రెండు చేతుల మీద ఎత్తుకుని వచ్చాడు. సైకిలు సీటు మీద కూర్చోబెట్టి, ఒక పక్క తను, ఒక పక్క నేను పట్టుకుని గేటుదాకా నడిపించాం. వెనక బావ వస్తున్నాడు. తువ్వాలు కూడా తెచ్చుకోలేదు, నోరు మాత్రం తెచ్చుకున్నాడు.

గేటు దగ్గర గార్డు పరుగెత్తుకొచ్చాడు. స్వారీ ఆమె కూడా గుర్రాన్ని కట్టేసి వచ్చింది.

"గుర్రం తన్నింది. కేసు పెట్టాలి. ఇదిగో ఈవిడ మీదే" అన్నాడు బావ.

గార్డు ఆయన్ని వదిలేసి అక్క పక్కన వంగాడు. "ఏం జరిగిందమ్మా?"

"గుర్రం తన్నలేదు బాబూ" అంది అక్క. "ఈయన దాని మొహం మీద గొడుగు తెరిచారు. దాని తప్పు లేదు, ఆ అమ్మాయి తప్పూ లేదు."

"నొప్పికి ఏదో మాట్లాడుతోంది" అన్నాడు బావ, చెయ్యి ఎత్తుతూ.

"నొప్పి కాలికి. నోటికి కాదు" అంది అక్క.

ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు కాసేపు తెలియలేదు. ఇక మీదట లోపలికి రావద్దని గార్డు ఆయనకు చెప్పేశాడు. ఆశ్చర్యమేమిటంటే, యూనిఫాం ఉన్నవాడు చెప్పాడు కాబట్టి, "సరే సార్" అన్నాడు.

అక్క కాలికి కట్టు కట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు బావ కథ మొదలుపెట్టాడు. మదమెక్కిన గుర్రం మీదికి దూకుతుంటే గొడుగుతో ఎలా అడ్డుకున్నాడో, తను లేకపోతే అక్క ఏమైపోయేదో. కిందపడ్డా తనదే పైచేయి. మంచం మీద నుంచి అక్క గొంతు పెంచకుండా, "అలా కాదు వదినా, జరిగింది ఇదీ" అని చెప్పేది. ప్రతిసారీ. విసుక్కోకుండా. ఒక్కో చుట్టం వచ్చి వెళ్ళేకొద్దీ ఆ గుర్రం కాస్త కాస్త చిన్నదవుతూ వచ్చింది. చివరికి ఎవరైనా అడిగితే, "ఏదో కాలు జారింది" అనడం దాకా దిగాడు.

ఇప్పుడు ఆయన నడక అపార్టుమెంటు కింద, నిలిపి ఉంచిన కార్ల మధ్య. గీత దాటి నిలిపారని వాటి అద్దాలు తడుతుంటాడు. వాచ్‌మన్ కూడా పట్టించుకోడు.

అక్కా నేనూ అడవికి వెళ్తుంటాం. కొంచెం కుంటుతుంది, ఎక్కువ దూరం నడవలేదు. ఎక్కడపడితే అక్కడ కూర్చుంటుంది. ఒకరోజు ఒక మొద్దు మీద కూర్చున్నప్పుడు అడిగాను.

"ఇన్నేళ్ళు ఊరుకున్నదానివి, ఆ వేళ అంతమందిలో అంత ధైర్యంగా ఎలా చెప్పావే అక్కా?"

"ధైర్యమా పాడా" అంది. "ఏం జరిగిందమ్మా అని అతను నన్ను అడిగాడురా. నన్నెవరు అడిగారు ఇన్నాళ్ళూ?"

ఇంతలో మలుపులోంచి సైకిలు గంట మోగింది. అక్క కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకుని, వచ్చేవాళ్ళను వెళ్ళమన్నట్టు తల ఊపింది.