ఆరో వేలు అదృష్టమన్నారు

మా చెల్లెలి రెండో బిడ్డ కూడా గ్రహణం మొర్రితో పుట్టాడని కోనసీమ నుంచి ఫోన్ వచ్చింది. తొంభైల చివరి మాట. అంతకుముందు పుట్టిన ఆడపిల్లకూ పెదవి చీలే ఉంది, కొన్నాళ్ళకే పోయింది. కడుపుతో ఉండి గ్రహణం పూట వంకాయలు తరిగిందని నిందంతా చెల్లెలి మీద వేశారు. వేసింది మా మేనత్తే. చెల్లెల్ని ఏరికోరి కోడలిగా చేసుకున్నదీ ఆవిడే. ఈసారి కూడా తేడా వస్తే కొడుక్కి మళ్ళీ పెళ్ళి చేస్తానని ముందే చెప్పి ఉంచింది.

తల్లీబిడ్డల్ని తీసుకొచ్చిన కాకినాడ ఆసుపత్రికి నేను చేరేసరికి అత్త వరండాలో కూర్చుని ఉంది.

“ఈసారి నెలలు నిండేదాకా గ్రహణమే లేదు కదత్తా. ఇప్పుడేమంటావు?” అన్నాను.

“మనకి కనపళ్ళేదంతే. అమెరికాలో పట్టిందంట.”

“అమెరికాలో పడితే కోనసీమలో పెదవి చీలిందా?”

“నీ వాదాలు మీ హేతువాదుల సభల్లో చెప్పుకోరా. ఇక్కడ కాదు.”

పిల్లల డాక్టరుగారు పెదవి దగ్గరే ఆగలేదు. గుడ్డలు విప్పించి, బిడ్డను తల నుంచి అరికాళ్ళ దాకా చూశారు. చిటికెన వేలి పక్కన మరో బుల్లి వేలు. గుండె చప్పుడులోనూ తేడా ఉందన్నారు.

“మొదటి పాపకీ ఇలా వేలుందామ్మా?” అని చెల్లెల్ని అడిగారు.

“ఉందండి,” అంది అత్తే ముందుగా. “ఆరో వేలు అదృష్టం కదండీ. దాని ఊసెందుకు?”

“ఏడిస్తే ఒళ్ళు నీలంగా అయ్యేదా?”

“అది దిష్టండి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పెదవిని గ్రహణానికి, వేలిని అదృష్టానికి, నీలిరంగును దిష్టికి పంచిపెట్టేశారు. మూడూ ఒకే బిడ్డ ఒంటి మీద ఉన్నాయని ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

“ఇవి వేరువేరు కాదండి,” అన్నారు డాక్టరుగారు. “ఇద్దరు బిడ్డల్లోనూ అవే కలిసి వచ్చాయంటే మూలం ఒకటే అయ్యుండాలి. మేనరికం కదా, తల్లి నుంచీ తండ్రి నుంచీ సమానంగా వచ్చినట్టుంది. కూరలు తరగడం వల్ల కాదు. తర్వాతి కాన్పులో మళ్ళీ రావచ్చు కూడా.”

“విన్నావా అత్తా? దీని తప్పేం లేదంట.”

“విన్నాను. అయితే బయటి పిల్లనే చూస్తాను,” అంది అత్త. ఆవిడ వెనకే నిలబడ్డ బావ మందుల చీటీ తీసుకుని మెట్లు దిగిపోయాడు.

బిడ్డ ఆ వార్డు దాటి రాలేదు. పురుడు తీరకముందే చెల్లెల్ని మా ఇంట్లో దింపి వెళ్ళారు. తీసుకెళ్ళడానికి ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఒక మధ్యాహ్నం అది కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. నేను మళ్ళీ అదే మొదలుపెట్టాను: గ్రహణం అబద్ధమనీ, తన తప్పు కాదనీ.

“తప్పు నాదే అనుకున్నన్నాళ్ళూ నయంగా ఉండేదన్నయ్యా,” అంది. “మళ్ళీసారి కత్తిపీట ముట్టకపోతే చాలనుకునేదాన్ని.”

తరిగిన ముక్కల్ని ఉప్పునీళ్ళలో వేసి, ఇంకో కాయ అందుకుంది.