పదకొండు సెకన్ల గొంతు

మా తమ్ముడు పోయిన పదో నెలలో, 2003 ఏప్రిల్‌లో, వాడు బిగించి ఇచ్చిన కంప్యూటరు దానంతట అదే ఆరిపోవడం మొదలుపెట్టింది. నా డైరీలో ఉంది: తొలిరోజు పన్నెండు నిమిషాలకు, నాలుగోరోజు ఐదు నిమిషాలకు, తొమ్మిదోరోజు తెర పూర్తిగా తెరుచుకోకముందే.

నాకది లెక్కలు వేసుకునే యంత్రం. అమ్మకు కాదు. చిత్తూరులో మా ఇంటికి దాన్ని తెచ్చిన రోజున, మైకు పనిచేస్తున్నదో లేదో చూడడానికి తమ్ముడు రికార్డు చేసిన మాటలు అందులో పదకొండు సెకన్లు ఉన్నాయి. వాడి గొంతు మాకు మిగిలింది అంతే. రోజూ పొద్దున అమ్మ పూజ ముగించి, రెండు అగరుబత్తీలు కంప్యూటరు పక్కన గుచ్చి, స్పీకరుకు చెవి ఆనించి, ఆ మాటలు పెట్టమనేది. "అమ్మా, ఇనపడతాందా?" అని వాడు అడగగానే, "ఇనపడతాందిరా" అని జవాబు చెప్పేది.

"మూడు దినాలాయ వాడు పలకక. యాడికి పోయినాడురా?" అని ఆమె అడిగిన రోజున, తిరుపతిలో తమ్ముడి స్నేహితుడి కంప్యూటరు దుకాణానికి వెళ్లాను. పెట్టె తెమ్మన్నాడు. అమ్మ దాన్ని గడప దాటనివ్వదన్నాను. వేడెక్కి ఆరిపోతోందని చెప్పి, చిన్న సిరంజిలో తెల్లటి పేస్టు నా చేతిలో పెట్టాడు.

"హీట్‌సింక్ ఎత్తి, పాతది తుడిచి ఇది పెట్టన్నా. శెనగ్గింజంత చాలు. పెండ్లికొడుక్కి గంధం మెత్తినట్టు మెత్తితే మళ్లా నా కాడికే వస్తావు."

ఆదివారం మధ్యాహ్నం పెట్టె తెరిచాను. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడి లాగే ఆ అల్యూమినియం దిమ్మెకు సన్నని రెక్కలుంటాయి. వాటి నడుమ బూడిదరంగు పొర గడ్డకట్టి ఉంది. వేలితో గీరి వాసన చూశాను. అగరుబత్తి. రోజుకు రెండు చొప్పున, పది నెలలకు ఆరువందలు. అమ్మ చూసింది.

క్లిప్పు వదులుచేసి దిమ్మెను మెల్లగా తిప్పి ఎత్తాను. పాత పేస్టు ఎండి సున్నంలా పెళుసెక్కింది. దిమ్మె అడుగున, అంచుకు పాకిన పేస్టులో, బొటనవేలి గీతలు. నావి కావు. స్పిరిట్‌లో ముంచిన దూది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

"తుడవరా," అంది అమ్మ వెనకనుంచి. "వాడు పలకల్ల గదా."

తుడిచాను. శెనగగింజంత పేస్టు పెట్టి, దిమ్మెను సమంగా నొక్కి, క్లిప్పు బిగించాను. అరగంట నడిచినా ఆరిపోలేదు. ప్రాసెసర్ వేడి యాభై రెండు డిగ్రీల దగ్గర నిలిచింది. ఇన్ని నెలలూ గదినిండా వినిపించిన ఫ్యాను మోత లేదు.

"అమ్మా, ఇనపడతాందా? నేనే మా. ఇంగా ఏం మాట్లాడల్ల?" వాడి నవ్వు. ఆ తరువాత, ఇన్నాళ్లూ మోతలో మునిగిపోయిన చివరి రెండు సెకన్లలో, దూరంగా మరో గొంతు: "చాల్లేరా, ఆపు. నాకు పనుండాది."

అది నాది.

అమ్మ వైపు తిరిగాను.

"నాకు మొదట్నించీ ఇనపడతానే ఉండాదప్పా," అంది.

ఆ రోజు డైరీలో యాభై రెండు డిగ్రీలని రాశాను. రికార్డు పదకొండు సెకన్లకే ఎందుకు ఆగిందో రాయలేదు.

మర్నాడు అమ్మ అగరుబత్తీలు కిటికీలో గుచ్చి వచ్చి, "పెట్టరా," అంది. పెట్టాను. తొమ్మిదో సెకను దగ్గర ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.